కరపత్రం అడుగున ఉన్న పేరు

తిరుపతి, శుక్రవారం

రెడ్డెమ్మక్కకు ఇక పేటెంటు రాదు. పోగొట్టింది నేనే.

సొన చేతుల మీద పడకుండా మామిడికాయలు కోసే కత్తెర దోటి అది. మా యూనివర్సిటీ ల్యాబులో అక్క మూడేళ్లు కష్టపడి చేసింది. అక్క దరఖాస్తు పెట్టేలోపే నేను దాని బొమ్మ గీసి, కొలతలతో సహా కరపత్రం వేయించి, చిత్తూరు మామిడి మండీలో పంచాను. జనం డబ్బుతో పుట్టిన విద్య జనానిదేనని రాశాను. ఆ మాట ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఈరోజు యూనివర్సిటీలో పేటెంట్లు చూసే ఆఫీసరు ఆ కరపత్రాన్నే మా ముందు బల్ల మీద పెట్టాడు. "ముందే బయటపడినదానికి కొత్తదని హక్కు ఇయ్యరమ్మా," అన్నాడు. తడ దగ్గర ఒక కంపెనీ అప్పుడే ఆ దోటీలు చేసి అమ్ముతోందట. రైతుకు ఊరికే దక్కాలనుకున్నాను...

మెట్ల మీద నేనే అరిచాను. "వాళ్ల మీద కేసేద్దామక్కా, ఊరుకుంటామా?"

"ఏమని ఏస్తావబ్బా? నువ్వు ఇచ్చినదే గదా వాళ్లు తీసుకునింది."

నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. సొనకు కాలి నల్లబడిన అక్క వాళ్ల నాయన చేతులు నేనూ చూశాను.

"ఆ కాగితం ఒకటుంటే ఇయ్యి. మా నాయనకు సూపిస్తా. ఇది నేను సేసినానని ఇంగ అదే గదా సాక్ష్యం."

సంచిలోంచి తీసి ఇచ్చాను. బస్టాండు దాకా చదువుతూనే నడిచింది. గదికొచ్చి మిగిలినవాటిలో ఒకటి తీసి చూశాను. అడుగున నా పేరొక్కటే ఉంది.