మీనా గడియారం, మా ముసలిదాని పన్ను

శుక్రవారం, గద్వాల

రాజోలి ఖాసిం ఈరోజు ఆడవాళ్ల చేతిగడియారం అమ్మకానికి తెచ్చాడు. గోరంత బిళ్ల, చుట్టూ నీలం మీనా గాజుపూత, మీద తెల్లపువ్వులు. ఎంత పనితనం! అసలు మీనా పంటికి తగిలితే గాజులా మోగుతుంది. రంగైతే మోగదు. నాకు పళ్లు లేవు. లోపలికి తీసుకుపోయి మా ముసలిదానికి ఇచ్చాను.

"అసలుదే. గీ మూలకు మాత్రం మోగుతలేదు, రంగు పూసిండ్రు" అంది, ఉన్న ఒక్క పంటికి తాకించి చూసి.

భూతద్దంలో కూడా నాకు కనబడని అతుకు అది! బయటికొచ్చి నేనే పట్టినట్టు చెప్పాను.

"ఏం కన్ను పెద్దయ్యా నీది!" అన్నాడు ఖాసిం.

నా పెట్టెలోని పన్నెండు గడియారాలూ ఆమె పన్ను ఏరినవే. ఇప్పుడు ఆ పన్ను కదులుతోంది.

"ఊడినంక ఏం జేద్దాం?" అన్నాను, ఖాసిం పోయాక లోపలికొచ్చి.

"గా గొప్ప కన్నుతోనే చూసుకో" అంది. నేను బయట చెప్పిందంతా విన్నది.

రేపు ఖాసింకు నిజం చెప్పాలి. నోరు వస్తుందో, రాదో.