డబ్బా మూతి ఎటు?

రాంగోపాల్‌పేట్,
సోమవారం.

ఎదురింటి తుకారాం గారికి నమస్కారాలు.

ఎదురుపడితే మాట పెరుగుతుందని కాగితం పట్టాను. మీ డాబా మీద నూనె డబ్బా ఒకటి వెదురు కర్రకెక్కి, నోరు తెరుచుకుని మా ఇంటికేసే చూస్తోంది. "ఎవరో మనమీద ప్రయోగం చేయించారండీ" అని మా కామేశ్వరమ్మ నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. దయచేసి మూతి తిప్పండి.

ఇట్లు,
బాబూరావు

తా.క. అన్నం ముట్టలేదు గాని, పెసరట్లు ముట్టింది.

మంగళవారం.

బాబూరావు గారికి, తుకారాం దండాలు.

అది ప్రయోగం కాదు, యాంటెన్నా. మన సందులోకి కేబుల్ రాలేదు. మీ ఇంటి వెనక మా గుండీల దుకాణంలో వైఫై ఉంది. డబ్బాలో రాగి ముక్క బిగించి అటు తిప్పితే సిగ్నల్ మీ ఇంటి మీదుగా వస్తుంది. శుక్రవారం పదకొండింటికి మా అమ్మాయి లాస్యకు కంప్యూటర్లో ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఇదివరకు రెండు ఇంటర్వ్యూలు నెట్ పోయి సగంలో ఆగాయి. నాకు భయంగా ఉంది. మీరు కొత్తగా కట్టిన బూడిద గుమ్మడికాయ సరిగ్గా డబ్బాకు అడ్డం. నీళ్ల కాయ కదా, సిగ్నల్ తాగేస్తోంది. దించగలరు.

మీ తుకారాం

తా.క. డబ్బాలో నూనె ఇంకా సగం ఉండగానే ఒంపేశాను. మా ఆవిడ కమలాబాయి నా మీద చేసింది అసలు ప్రయోగం.

బుధవారం.

తుకారాం గారికి,

"మీ ఇంటి మీదుగా" అన్న మాట చదివి వినిపించడం నా తప్పే. "అంటే ఇటు దూరి అటు పోతోందన్నమాట!" అని మా ఆవిడ దుకాణం వైపు వంటింటి కిటికీకి ఇంకో కాయ కట్టించింది. దించే ధైర్యం నాకు లేదు. అమ్మాయిని తలుచుకుంటే మనసు పీకుతోంది.

నిస్సహాయుడు,
బాబూరావు

తా.క. మూడో కాయ ఆటోలో ఉంది.

గురువారం.

అయ్యా బాబూరావు గారూ,

డబ్బాను ఆరడుగులు లేపాను. మీ కాయ కూడా లేచింది. "నాయినా, రేపు సుత గిట్లనే అయితదా?" అని పిల్ల ఏడుస్తోంది. మీ కాళ్లు పట్టుకుంటాను.

తుకారాం

తా.క. కమలాబాయి కత్తి పట్టుకుని మీ మెట్లు ఎక్కుతానంటోంది. కాయ కోసమేనట.

శుక్రవారం సాయంత్రం.

ప్రియమైన తుకారాం గారికి,

లాస్యకు ఉద్యోగం ఖాయమైందని తెలిసి నా కళ్లు చెమర్చాయి.

ఇక మా సంగతి. బుధవారం నుంచి మా ఇంట్లోనూ నెట్ లేదు. పొద్దున మూడో రోజూ సీరియల్ రాక మా ఆవిడ ఇల్లు పీకి పందిరేస్తుంటే, మా అబ్బాయి విశ్వతేజ తల దించుకుని వంటింటి కిటికీ మీది అటకెక్కి పాలపొడి డబ్బా ఒకటి దించాడు. లోపల రాగి ముక్క. మూతి మీ దుకాణం వైపు. రెండేళ్లుగా మేం వాడుతున్నది మీ నెట్టేనట! పాస్‌వర్డ్ గిరాకీల కోసం మీరే గోడకు అంటించారట. అది విని కామేశ్వరమ్మే పదిన్నరకు కొంగు బిగించి మూడు కాయలూ కోసేసింది.

సిగ్గుతో,
బాబూరావు

తా.క. మూడింటికీ వడియాలు పెట్టింది, ఎండగానే మీకు పంపుతాం. పాస్‌వర్డ్ మాత్రం మార్చకండి.