డ్రిల్లు రోజు వాన

14-2-1963

డ్రిల్లు మాస్టరు పద్మనాభయ్య గారికి, ఎనిమిదో తరగతి మగ్దలీన తండ్రి వందనాలతో వ్రాసుకొనేది.

పరుగులో మా పిల్ల ఎప్పుడూ వెనకబడుతుంది. అప్పుడల్లా దాన్ని ఒంటరిగా మళ్ళీ పరుగెత్తించి, మిగతా పిల్లలచేత చప్పట్లు కొట్టిస్తున్నారట. దాని మేలు కోరే చేస్తున్నారేమో. తప్పు పట్టేంత చదువు నాకు లేదు.

మా ఇంట్లో రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన చేసుకొంటాము. సోమవారం దాని వంతు వచ్చింది. "ప్రభువా, రేపు డ్రిల్లు వేళకు వాన కురిపించు తండ్రీ" అన్నది. అప్పటికి మా వరి కోసి పనలు చేలోనే ఉన్నాయి. అయినా కళ్ళు మూసుకొని ఉన్నామేమో, అలవాటుకొద్దీ అందరమూ ఆమేన్ అన్నాము.

మంగళవారం సముద్రం వైపునుంచి మబ్బు పట్టి కురిసింది. మీరు డ్రిల్లు మానేశారు. మా పనలు నానిపోయినాయి. పిల్ల గట్టుమీద నిలబడి, "నా వల్లనే వచ్చిందా నాయనా?" అని అడిగింది. కాదన్నాను. దేవుడు దాని ప్రార్థన వినలేదని చెప్పినట్టయింది.

రేపు శుక్రవారం, మళ్ళీ డ్రిల్లు. పనలు ఇంకా ఆరలేదు. ఈ సాయంత్రం కూడా తానే ప్రార్థన చేస్తానంటున్నది. వద్దని ఏ నోటితో చెప్పేది?

దాన్ని రేపు పరుగెత్తించనని ఒక్క ముక్క వ్రాసి, ఈ జాబు తెచ్చిన మనిషి చేతికివ్వండి. ప్రార్థన వేళలోగా అందాలి. అది ఏమడిగినా మేమంతా ఆమేన్ అనాలి గదా.