బంతి లేనివాణ్ణి వదిలేశాను, అంకుల్

మహారాజశ్రీ సత్యం అంకుల్ గారికి,

నమస్కారం. మీరు వెళ్ళి ఏడు నెలలైంది. కాల్గరీలో అప్పుడే చలి మొదలైంది... అక్కడ హీటర్ సదుపాయం ఎలా ఉందో తెలియదు. మీ మంకీ క్యాప్ మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

ముఖ్యమైన వార్త. నన్ను ఫుట్‌బాల్ టీమ్‌లోంచి తీసేయలేదు!

అసలు అందులోకి తోసింది మీరే కదా. ఇండియన్ స్టోర్‌లో పార్ట్‌టైమ్ చేస్తూ భుజానికో బియ్యం బస్తా వేసుకుని నడుస్తుంటే, కొత్తిమీర కొనడానికొచ్చిన మీరు ఆగి, ఏ కాలేజీ అని అడిగారు. "ఇంత ఒళ్ళు పెట్టుకుని బస్తాలు మోస్తావేంట్రా? రేపు మీ కాలేజీ గ్రౌండ్‌కి రా" అన్నారు. ఆయిల్ కంపెనీలో ఇంజినీరుగా రిటైరై, మా టీమ్‌కి ఊరికే కోచింగ్ ఇస్తున్నారని నాకేం తెలుసు? ఎత్తుకుపోయే మనిషేమో అనుకున్నా... నన్ను ఎత్తడానికి క్రేన్ కావాలన్న సంగతి తర్వాత తట్టింది.

నాకు తెలిసిందల్లా కబడ్డీ. మన గీత దాటి వచ్చినవాణ్ణి పట్టుకోవడమే అందులో ధర్మం. ఇక్కడి ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, ఆ బంతి ఉన్నవాణ్ణే పట్టుకోవాలట! నా చేతులకు ఆ సంగతి ఎక్కలేదు. ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ కావలించుకుని కూల్చేశాను. ఫౌల్ అంటూ రిఫరీ విసిరిన నారింజ రంగు జెండాలతో గ్రౌండంతా పండగలా ఉండేది. హెడ్ కోచ్ నన్ను పంపేస్తానంటే మీరే అడ్డుపడ్డారు. "వీడికి పట్టు ఉంది. ఎవణ్ణి పట్టుకోవాలో నేర్పితే చాలు" అని ఆయనతో వాదించారట.

చలికాలమంతా మీ పెరట్లో మంచులో పాఠాలు... మీరూ ఆంటీ కోటు కింద ఒకరు బంతి, ఒకరు క్యాబేజీ దాచుకుని నా మీదికి పరుగెత్తేవారు. బంతి ఉన్నవాళ్ళ భుజం తాకాలి. ఆంటీని కూల్చేస్తే భోజనం బంద్.

"బంతి ఉన్నవాడు నిన్ను చూడడురా, సందు కోసం చూస్తాడు. లేనివాడే, నువ్వు నమ్మావా లేదా అని నీ మొహం చూస్తాడు" అన్నారు. ఇంజినీరింగ్‌లో ఇలాంటివి కూడా చెబుతారా అంకుల్?

ఫిబ్రవరిలో ఆ ఆదివారం మీరు నిద్ర లేవలేదు. పాఠం సగంలో ఆపేసి వెళ్ళడం ఏం పద్ధతి?

మొన్న శనివారం సీజన్‌లో మొదటి మ్యాచ్. ఒక్క ఫౌల్ చేసినా టీమ్‌లో ఉండవని హెడ్ కోచ్ ముందే తేల్చి చెప్పారు. చివరి నిమిషం... మేమే ముందున్నాం, వాళ్ళు మా గీత దాకా వచ్చేశారు, బంతితో అది దాటితే గెలుపు వాళ్ళదే. వాళ్ళ ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ బంతిని పక్కవాడి పొట్టకి ఆనించి ఇచ్చినట్టే కనిపించాడు. ఆ పక్కవాడు రెండు చేతులూ ముడుచుకుని సరిగ్గా నా కౌగిట్లోకే వచ్చాడు. నా వేళ్ళు అతని జెర్సీని తాకాయి కూడా...

అతను నా మొహం చూశాడు.

వదిలేశాను అంకుల్. క్వార్టర్‌బ్యాక్ సందు వెతుక్కుంటున్నాడు. వెళ్ళి పట్టుకున్నాను. కూలాక చూస్తే, బంతి అతని పొట్ట కిందే ఉంది. విజిల్ మోగింది. జెండా పడలేదు. హెడ్ కోచ్ నా హెల్మెట్ మీద ఒక్కటిచ్చుకున్నారు. ఈ దేశంలో దాన్ని మెచ్చుకోలు అంటారు.

అందరూ గంతులేస్తుంటే నేను పక్కకెళ్ళి ఆంటీకి ఫోన్ చేశాను. స్కోరు అడగలేదు. ఫౌల్ ఎన్ని అని అడిగారు. ఒక్కటీ లేదన్నాను. అయితే ఇంటికొచ్చి తిని వెళ్ళమన్నారు. మీరు పోయాక ఆంటీ ఎవర్నీ భోజనానికి పిలవడం అదే మొదలు.

ఈ సీజన్ అంతా ఆంటీకి అదే జవాబు చెబుతాను. ఒకటీ అరా తప్పు జరిగితే మాత్రం, మీరే కలలోకెళ్ళి ఆవిడకు సర్దిచెప్పండి.

సదా మీకు రుణపడిన,
ప్రవీణ్