విబూది పెట్టని టైర్లు

ఏమండీ,

ఈరోజు మీ సంవత్సరీకం. కొండదారి సైకిళ్లకు మన షాపులో అమ్మే లావు టైర్లను కంపెనీవాళ్లు ఇప్పుడు విదేశంలో చేయించి తెస్తున్నారు. పేరు మాత్రం పాతదే. మీలాగే అంచు మడిచి చూశాను. కొత్త రబ్బరులోనే పగుళ్లు కనిపించాయి.

నిన్న మన పాత గిరాకీ మద్దిలేటి సైకిల్ మీద శ్రీశైలం పోవడానికని అవే అడిగాడు.

"వద్దప్పా, ఇవి ఘాట్‌రోడ్డుకు ఆగవు," అన్నాను.

"నువ్వు విబూది పెట్టియ్యక్కా, మల్లన్న చూసుకుంటాడు. లేకుంటే సైకిల్ని నెత్తిన పెట్టుకోని పోవల్లనా?"

షాపు దాటే ప్రతి టైరుకూ విబూది పెట్టే నాకు నిన్న చెయ్యి రాలేదు. అతను నవ్వేసి, ఎదురు షాపులో అవే టైర్లు వేయించుకుని ఈ తెల్లవారుజామున బయలుదేరాడు.

పొద్దున దేవుడి ముందు కూర్చుంటే, మీ పేరు కంటే ముందు అతని పేరే నోటికొచ్చింది. ఏమీ అనుకోకండి.