పైనున్న నాలుగు స్వరాలు

షార్లట్‌విల్, టొబాగో
7 జనవరి 1991

నా వెర్నాకి,

ఆ "నా" అన్న ముక్క పదకొండేళ్ల అలవాటు కొద్దీ పడింది. కోపం తగ్గిందనుకోకు. కొట్టేద్దామనుకున్నాను గానీ వేళ్ల కొసలు మొద్దుబారి పెన్ను పట్టు దొరకడం లేదు. రాసినదాన్ని మళ్లీ గీకే ఓపిక కూడా లేదు.

నిన్నటి ఓడలో వచ్చాను. హ్యూబర్ట్ మామ ఇంట్లో ఉన్నాను. వచ్చే సోమవారం మూడో విడత మందు ఎక్కించుకోవడానికి నేను రాను. ఆ సంగతి డాక్టర్ జగ్‌రూప్‌కి నువ్వే చెప్పు. నా సంగతులు నాకు తెలియకుండా మీరిద్దరూ మాట్లాడుకోవడం అలవాటేగా.

ఎలా తెలిసిందో చెబుతాను. శుక్రవారం నువ్వు బడికి వెళ్లాక నేను మన స్టీల్ డ్రమ్ముల బ్యాండు యార్డుకి వెళ్లాను. మంచం దిగితే కాళ్లు వణుకుతున్నాయి, అయినా వెళ్లాను. కార్నివాల్ పోటీలు ఐదు వారాల్లో పెట్టుకుని కొత్త టెనర్ డ్రమ్ము రేకుని సుత్తితో కొట్టి శ్రుతి కట్టేవాడు ఇంట్లో బకెట్ పక్కన పడుకుంటే ఎలా? పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని కట్టాను. నోట్లో తుప్పు రుచి, చెవుల్లో ఆ ఇలకోళ్ల రొద, అన్నీ పక్కకి నెట్టి కట్టాను. చాలా రోజుల తర్వాత మనిషినయ్యాననిపించింది. మర్నాడు పొద్దున మన బ్యాండు బూట్సీ ఆ డ్రమ్మును చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఒరేయ్ సెల్విన్, ఓ మాటు చూడు. పైనున్న నాలుగు స్వరాలు కుదరలేదురా."

"కుదరకపోవడమేంటి? నేను కట్టింది."

"నువ్వు కట్టిందేలే. కొంచెం అరుస్తున్నాయి, అంతే."

కొట్టి చూశాను. బాగానే ఉంది. మళ్లీ కొట్టాను, బాగానే ఉంది. "నీ చెవులు కడుక్కో" అన్నాను. వాడు నవ్వలేదు. వాడితో ఆ టెనర్ వాయించే పిల్ల షెర్మా కూడా వచ్చింది. నేను కొట్టిన ప్రతిసారీ ఆ పిల్ల పళ్లు బిగపట్టి మెడ పక్కకి తిప్పుకుంటోంది. పెద్దవాడిని కదా అని చెవులు మూసుకోలేదు పాపం. నాకప్పుడు అర్థమైంది. ఒక స్వరాన్ని కొడితే దాని మీద ఇంకో రెండు సన్నటి స్వరాలు లేస్తాయని, ఆ పైవి కూడా కలిస్తేనే టెనర్ పాడుతుందని, లేకపోతే రేకు అరిచినట్టు అరుస్తుందని పదిహేనేళ్లుగా నేను నలుగురికీ చెబుతున్నాను. ఆ సన్నటివి అక్కడ ఉన్నాయి. ఆ పిల్లకి వినిపిస్తున్నాయి. నాకు వినిపించడం లేదు.

వాళ్లని పంపేసి ఆ చెవి పరీక్ష కాగితం కోసం ఇల్లంతా గాలించాను. రెండో విడత ముందు నన్ను గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకు తొడుగులు పెట్టి, కూత వినిపిస్తే మీట నొక్కమన్నారే, అది. ఆ రోజు "ఏమన్నారు?" అని నిన్ను అడిగాను. "బాగానే ఉందన్నారు" అన్నావు. నా తలగడ సర్దుతూ అన్నావు. కాగితం నీ బడి రిజిస్టర్ల కింద దొరికింది. "ప్లాటినం మందు వల్ల పైస్థాయి వినికిడి దెబ్బతిన్నది. తిరిగి రాదు. భార్యకు తెలియజేశాము." కింద నీ సంతకం, గుండ్రంగా, పిల్లల పుస్తకాల్లో పెట్టినట్టు.

మందు ఎలా పని చేస్తుందో డాక్టరు నాకు బొమ్మ గీసి మరీ చెప్పింది. అది కణం లోపలి పోగును పట్టుకుని మెలిపెట్టేస్తుందట. కణం రెండు కాబోయి, కాలేక చస్తుందట. గడ్డ కణాలు తొందర తొందరగా పెరుగుతాయి కాబట్టి ముందు అవి పోతాయి. బాగుంది. కానీ ఏది గడ్డో ఏది సెల్వినో మందుకు తెలియదుగా. తొందరగా పెరిగేదల్లా దానికొకటే. జుట్టు పోయింది, నోటి లోపలి పొర ఊడింది, పేగులు తిరగబడ్డాయి, రక్తం పలచబడింది. క్రిస్మస్ పూట వార్డులో అందరూ హ్యామ్ తింటుంటే ఆ వాసనకే నేను పచ్చటి పసరు కక్కాను. మూత్రపిండాలు పాడవకుండా బకెట్లకొద్దీ ఉప్పునీళ్లు ఎక్కించారు. ఇవన్నీ నాకు చెప్పారు, నేను సరేనన్నాను. అవన్నీ మళ్లీ మొలిచేవి. చెవి లోపల సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయని, ప్లాటినం అక్కడ చేరి కదలదని, తల మీదివి మొలిచినా చెవిలోవి మొలవవని మాత్రం ఎవరూ చెప్పలేదు. నీకు చెప్పారు.

చేతులు పోయినా ఏడ్చి ఊరుకునేవాడిని. సుత్తి ఇంకొకడి చేతికిచ్చి "ఇక్కడ కొట్టు, ఇంకా, చాలు" అనేవాడిని. నన్ను మనిషిని చేసింది చెవి. కడుపులో గడ్డ తడిమితే ఇప్పుడు దొరకడం లేదు, రెండు విడతలకే కరిగింది. మిగిలిన కాస్త వినికిడి ఇచ్చి మూడోది కొనుక్కోను. చస్తే వింటూ చస్తాను. నువ్వు అబద్ధమాడకపోతే ఈ మాట డిసెంబరులోనే అనేవాడిని, ఇంకొంచెం చెవి మిగిలేది. దానికి నిన్ను క్షమించను.

సెల్విన్

*

బెల్మాంట్
10 జనవరి

సెల్విన్‌కి, నా మొండి మనిషికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి ఎర్ర పెన్ను కోసం చెయ్యి వెళ్లింది, అంత తప్పుల తడకగా ఉంది.

నీ రక్తంలో తెల్లకణాలు అడుగంటిన వారమది. గుంపులోకి వెళ్లొద్దని, ఎవరైనా తుమ్మితే ఆ తుమ్ము నిన్ను చంపగలదని నర్సు నీకే చెప్పింది, నా చెవిలో కాదు. నువ్వు యార్డులో దుమ్ములో కూర్చుని, ఆ పైన కిక్కిరిసిన ఓడెక్కి సముద్రం దాటావు. జ్వరం వస్తే? హ్యూబర్ట్ మామ వేపాకు కాచి పోస్తాడా? నేను దాచినదానికి నీకు కోపం. నీకు విప్పి చెప్పినదాన్ని నువ్వు ఏం చేశావో చూసుకో.

అవును, నాకు తెలుసు. దాచాను. పొరపాటున కాదు, ఆలోచించి దాచాను. నీ రెండో విడతకి ముందు డాక్టరు నన్ను వరండాలో నిలబెట్టి చెప్పింది. నేను ఊరికే తలూపి రాలేదు.

"చెవుల జోలికి పోని మందు ఇంకోటి లేదా?" అని అడిగాను.

"ఉందమ్మా. దాని చుట్టం లాంటిదే ఉంది. అది చెవుల మీద జాలి చూపిస్తుంది. జబ్బు మీద కూడా జాలి చూపిస్తుంది, అదే వచ్చిన చిక్కు."

"రెండుతో ఆపేస్తే?"

"గడ్డ కనపడదు. చావకుండా మిగిలినవి ఉంటాయి. అవి ఈ మందుకి అలవాటు పడి తిరిగొస్తాయి. అప్పుడు నా దగ్గర ఇంత మంచి మందు ఉండదు. మూడూ పూర్తయితే నూటికి తొంభై మంది ఇంటికెళ్తారు. మీ ఆయనకి నేనే చెప్తాను, లోపలికి పదండి."

"వద్దు డాక్టర్. నేను చెప్తాను" అన్నాను. చెప్పలేదు. ఆవిడ నన్ను నమ్మింది, నువ్వూ నమ్మావు. ఇద్దరి దగ్గరా అబద్ధమాడాను. చెబితే నువ్వేం చేస్తావో నాకు తెలుసు. ఇప్పుడు చేశావుగా, అదే. నాకు మొగుడు కావాలి సెల్విన్. టెనర్లు పాడకపోయినా ఫరవాలేదు. నీకిది నచ్చకపోతే బతికి వచ్చి నాతో పోట్లాడు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ నువ్వు "చస్తే వింటూ చస్తాను" అని రాశావు. ఆ మాట చదివాక ఇంకోటి కూడా దాచడం నా వల్ల కాదు. నీకు దొరికింది రెండో కాగితం. మొదటి పరీక్షది నా దగ్గరుంది. ఈ ఉత్తరంతో పెట్టాను, విప్పి చూడు. తేదీ చూడు. నవంబరు ముప్పై. మొదటి విడతకి మూడు రోజుల ముందు. అప్పటికి నీ ఒంట్లోకి ఒక్క చుక్క ప్లాటినం వెళ్లలేదు.

ఆ గీత కుడివైపు, పై స్వరాలుండే చోట, ఎలా పడిపోయిందో చూశావా. ఇరవై ఏళ్లు తలకి అడుగు దూరంలో ఇనుము మీద సుత్తితో కొడితే అలాగే పడుతుందట. మందు వచ్చి మిగిలినదాన్ని తుడిచింది, నిజమే. కానీ ఆ పై స్వరాలు నీకు వినపడక మూడేళ్లో నాలుగేళ్లో అయింది.

నవంబరులో ఇది చేతికొచ్చినప్పుడు నేను నమ్మలేదు. ఆ కాగితం తీసుకుని బూట్సీ దగ్గరికి పరిగెత్తాను. "తప్పు రాశారు కదా, వాడి టెనర్లు మీరు వాయిస్తూనే ఉన్నారు కదా" అన్నాను.

"తప్పు కాదు వదినా. వాడు సుత్తి పెట్టెలో పెట్టి ఇంటికెళ్లాక పైన ఉన్నవి నేను సర్దుతున్నా. మూడేళ్ల నుంచి."

"పోటీ గెలిచిన ఏడు కూడానా?"

"ఆ ఏడు కూడా. వాడికి చెప్పకు వదినా. మిగతా ఇరవై అయిదు స్వరాలూ వాడు కట్టినట్టు ఈ దీవిలో ఎవడూ కట్టలేడు. పైన నాలుగు ముక్కల కోసం వాడి ముందు నోరెలా తెరవమంటావు?"

ఈసారి మాత్రం అతని వల్ల కాలేదట. ఆ నాలుగు స్వరాల దగ్గర రేకుని నువ్వు మరీ కిందికి దింపేశావట, సర్దబోతే రేకు చీలుతుందని భయపడ్డాడట. అందుకే చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. వెళ్లేటప్పుడు మన మెట్ల మీద కూర్చుని ఏడ్చాడని పక్కింటావిడ చెప్పింది.

కాబట్టి ఏ చెవి కోసం చస్తానంటున్నావో ఆ చెవి నీకు లేదు. అది పోయినా మూడేళ్లు బతికావు. అన్నం తిన్నావు, డ్రమ్ములు కట్టావు, నన్ను నవ్వించావు. సోమవారం ఎనిమిదింటికి ఆసుపత్రిలో ఉంటాను. నువ్వు రాకపోతే నీ మంచం మీద నేనే కూర్చుని ఉంటాను, వాళ్లు గెంటేసేదాకా.

నీ భార్యనే,
వెర్నా

*

షార్లట్‌విల్
12 జనవరి

అబద్ధాల వెర్నాకి,

ఉత్తరం నిన్న అందింది. కాగితం చూశాను. చూసి మడిచి పొయ్యిలో పెట్టబోయాను. హ్యూబర్ట్ మామ లాక్కున్నాడు.

బూట్సీ మీద ముందు కోపం వచ్చింది. వాడి పళ్లు రాలగొట్టాలన్నంత కోపం. మూడేళ్లు నా పనిని నా వెనక దిద్దాడు. గెలిచిన రాత్రి నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించినవాడు వాడే. పైన కూర్చుని నేనెంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండిపోతోంది. నాకు ఎదురుపడి "నీకు వినపడటం లేదురా" అని ఉంటే కొట్టేవాడినే, ఒప్పుకుంటాను. కొట్టాక చెవుల్లో దూది పెట్టుకునేవాడిని. మిగిలినదైనా దాచుకునేవాడిని. మీరందరూ కలిసి నన్ను ముద్దు చేశారు. రోగం ఒకవైపు, మందు ఒకవైపు, మీ ప్రేమ ఒకవైపు. ఈ మూడింటిలో నన్ను ఎదురుగా నిలబడి కొట్టింది మందొక్కటే.

మీరు చెప్పేది అబద్ధమేమోనని ఇంకా చిన్న ఆశ ఉండింది. పొద్దున మామ వరండాలో వల అల్లుతుంటే పక్కన కూర్చున్నాను. కాసేపటికి మామ నా మోకాలి మీద కొట్టాడు.

"ఏరా, లేచి ఆ కెటిల్ దించవేంటి?"

"ఏ కెటిల్?"

"పొయ్యి మీదది. ఇందాకటి నుంచి చెవులు చిల్లులు పడేట్టు కూస్తోంది. మీ ఇంట్లో ఎవరు దించుతారు, పనిమనుషులా?"

నువ్వే దించుతావు. మూడేళ్లుగా మన ఇంట్లో ఒక్కసారైనా కెటిల్ నేను దించానా? బద్ధకస్తుడినని తిడుతూ తిడుతూ నువ్వే దించావు. నీకూ తెలియదు కదా అప్పుడు. అది గుర్తొచ్చాక వంటింట్లోకి వెళ్లి ఆవిరి ముందు నిలబడ్డాను. అది కూస్తోందని మూతి చూస్తే తెలుస్తోంది. నీళ్లన్నీ ఇగిరేదాకా నిలబడ్డాను. తర్వాత ఏడుపొచ్చింది. గట్టిగానే ఏడ్చినట్టున్నాను, మామ వల వదిలేసి వచ్చాడు.

ఈ ఉత్తరం ఇవాళ్టి ఓడలో పంపుతున్నాను, రేపటి ఓడలో నేను వస్తున్నాను. క్షమించి కాదు. నువ్వు చెప్పినట్టే బతికి వచ్చి పోట్లాడాలని. జ్వరం లేదు, మామ రోజూ రెండుసార్లు చూస్తున్నాడు. బూట్సీకి చెప్పు, ఆ టెనర్‌ని ముట్టుకోవద్దని. నేను వచ్చి షెర్మాని పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఆ పిల్ల పళ్లు బిగపట్టడం మానేసిన చోట నేను సుత్తి ఆపుతాను. బూట్సీ ఎదురుగా నిలబడి చూడాలి, ఈసారి వెనక కాదు.

ఇంకొకటి. సోమవారం డాక్టరు వస్తే నువ్వు వరండాలో కూర్చో. ఈ మూడోది నా ఒంట్లో ఇంకా ఏమేం తీసుకుపోతుందో ఆవిడ నాకు చెప్పాలి, నా ఒక్కడికే, ఒక్కటీ వదలకుండా. వినిపించకపోతే గట్టిగా చెప్పమంటాను.

సెల్విన్