పుట్టి నడుమ

12 జూలై 2007

జూరాల డ్యాంలో నీళ్లు నిండాయి. హైదరాబాద్ సెయిలింగ్ క్లబ్బు వాళ్లు వద్దనుకున్న కాటమరాన్ ఇవాళ లారీలో దిగింది. రెండు సన్నటి పడవలు పక్కపక్కన, నడుమ బిగించిన గుడ్డ, పైన తెరచాప. ఊళ్లో అప్పుడే 'జోడెడ్ల పడవ' అని పేరు పెట్టేశారు. నవ్వుకోనీ.

నువ్వు పీఈటీ సారువి, కబడ్డీ ఆడించుకోక ఈ తద్దినం నీకెందుకయ్యా అన్నాడు హెడ్మాస్టర్. నా ప్లాన్ చార్టు మీద రాసి స్టాఫ్ రూమ్‌లో అంటించాను. పుట్టి పడవలు నడిపే పిల్లలు, స్కూల్ టీం, హైదరాబాద్ క్యాంపు, నేషనల్స్. మొదట ఒక్కరు ఎక్కితే చాలు, వెనకవాళ్లకు దారి పడుతుంది.

20 జూలై

ఆ ఒక్కరు సింధూజే. తొమ్మిదో తరగతి. తండ్రి భీమన్న బుట్టలాంటి పుట్టిలో చేపలు పడతాడు. నీళ్లంటే బెదురు లేని పిల్ల.

ఒక్కటే రోగం. గాలి కొట్టగానే నడుమకొచ్చి కూర్చుంటుంది. పుట్టిలో పెరిగిన పిల్లలంతా అంతే. గుండ్రటి పుట్టిలో గాలొస్తే నడుమ కుదురుగా కూర్చోవాలి, లేకుంటే బోల్తా. కాటమరాన్‌లో అలా కూర్చుంటేనే బోల్తా. గాలి వచ్చే వైపు అంచుకు ఉరికి ఒళ్లంతా బయటికి వాల్చాలి.

2 ఆగస్టు

మళ్లీ బోల్తా.

9 ఆగస్టు

గొంతు పోయింది. గట్టు మీద నిలబడి అంచుకు, అంచుకు అని అరవడమే నా కోచింగ్. నువ్వు ఆలోచించకు, నీ ఒళ్లే ఉరకాలి అని చెప్పాను. ఒడ్డున మంచం వేసి, విజిల్ ఊదినప్పుడల్లా దాని అంచుకు దూకించాను.

భీమన్న వచ్చి చూసి నవ్వాడు. చిన్నప్పటి నుంచి తాను నేర్పిందంతా నేను చెడగొడుతున్నానట. అవును, చెడగొట్టడమే నా పని అన్నాను. ఇద్దరం చాయ్ తాగాం.

26 ఆగస్టు

ఉరికింది. విజిల్ లేదు, అరుపు లేదు. గాలి తాకేసరికి అంచు మీద ఉంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గెందుకు.

8 సెప్టెంబర్

సెలెక్ట్ అయింది. దసరా తర్వాత హైదరాబాద్‌లో క్యాంపు. భీమన్న పెద్ద బొచ్చె చేప తెచ్చిచ్చాడు. హెడ్మాస్టర్ కూడా చేయి కలిపాడు.

15 సెప్టెంబర్, మధ్యాహ్నం

భీమన్న పోయాడు.

పొద్దున తండ్రీకూతుళ్లు వల తీయడానికి వెళ్లారు. ఉన్నట్టుండి గాలి లేచింది. సింధూజ అంచుకు ఉరికింది. పుట్టి తిరగబడింది. పిల్ల ఈదుకుంటూ ఒడ్డుకొచ్చింది. భీమన్న మంచి ఈతగాడే, కానీ కాళ్లకు వల చుట్టుకుంది.

17 సెప్టెంబర్

వెళ్లబుద్ధి కాలేదు. వెళ్లాను. సింధూజ గోడ వైపు తిరిగి కూర్చుంది. ఎవరేమడిగినా ఒకటే మాటట: "నాయిన కూసొమ్మన్నడు. నా ఒళ్లు ఇనలే."

తల్లి జోగులమ్మ తిట్టలేదు, ఏడవలేదు. తిట్టినా బాగుండేది.

"మా పిల్లకు ఏం నేర్పిన్రు సారూ?"

ఏం నేర్పానో నాకు తెలుసు. లేచి వచ్చేశాను.

29 అక్టోబర్

క్యాంపు మొదలైంది. సింధూజ రానంది. ఇంకెవరినైనా పంపమని క్యాంపు కోచ్ ఫోన్ చేశాడు. మిగతా పిల్లల ఇళ్లకు తిరిగాను. ఒక్కరూ పంపలేదు, నన్ను కూర్చోమని కూడా అనలేదు. చార్టు చింపేశాను. కాటమరాన్ గట్టు మీద బోర్లించి ఉంది.

11 నవంబర్

పుట్టిలో జోగులమ్మ తెడ్డు వేస్తోంది. సింధూజ నడుమ కూర్చుని, రెండు చేతులతో మోకాళ్లు గట్టిగా అదిమి పట్టుకుంది. గాలి లేదు.